మూడూళ్ల కాఫీ మర్యాదలు

బెంగుళూరునుండి గుంతకల్లునకు బోవు రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములో ఏర్పడినది మొదలు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును ఒకే దారిలోని మజిలీలైనవి. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ యూళ్లను చూడవచ్చువారు సాధారణముగా లేపాక్షి బసవన్ననో, పెనుకొండ కోటనో, ధర్మవరపు పట్టుచీరలనో మనసులో నుంచుకొని వత్తురు. నేనును వానిని చూచితిని. కాని వాని వర్ణనము ఇతరులు నాకంటె చక్కగా చేసియున్నారు గనుక, ఆ చూపులకు నడుమ నడుమ నేను కూర్చున్న కాఫీ హోటళ్లను గూర్చియు, ఊరుపేరు తెలియని బాటసారికి అచ్చట జరుగు మర్యాదను గూర్చియు వ్రాయదలచితిని.

ఇది చిల్లర విషయమని తోచువారు ఒక్క సంగతి ఆలోచింపవలెను. పరాయి యూరికి బోయినవాడు ఆ యూరివారితో ఆడు మొదటిమాట చాలమాఱులు కాఫీ హోటలులోనే ఆడును. దేవాలయములో అర్చకుడు, కచేరిలో గుమాస్తా, బస్సులో కండక్టరు, వీరందఱును తమ పని నిమిత్తము మనతో మాటలాడువారు. మనకేమి కావలెనో తానై అడుగువాడు హోటలు సప్లయరు ఒక్కడే. అతడు అడిగిన తీరునుబట్టియే ఆ యూరు మంచిదనియో కాదనియో మనము నిశ్చయించుకొందుము. ఈ నిశ్చయము అన్యాయమే కావచ్చును. అయినను మానవస్వభావము అట్టిది.

అదియునుగాక, దేశములో మిక్కిలి తక్కువ వర్షము కురియు ప్రాంతములలో ఒకటిగా లెక్కకెక్కిన ఈ సీమలో, కూర్చున్న తోడనే అడుగకుండ ఎదుట పెట్టు మంచినీళ్ల గ్లాసునకు గల విలువ కృష్ణాగోదావరీ తీరములవారికి వెంటనే బోధపడదు. వేసవిలో ట్యాంకరు నీరు కొని డ్రమ్ములు నింపుకొను హోటలువాడు, కాఫీ త్రాగని దారినబోవువాడు వచ్చి “రవ్వంత నీళ్లియ్యప్పా” యన్నను గ్లాసు ముంచి యిచ్చుట నేను ఈ మూడూళ్లలోను చూచితిని. దానికి బిల్లు లేదు.

హిందూపురము వ్యాపారపుటూరు. బెల్లము, చింతపండు, ఎండుమిరపకాయలు, పట్టుగూళ్లు అను ఈ నాలుగు సరకులును కన్నడసీమ రైతులను తెలుగుసీమ రైతులను ఒక్కచోట జేర్చుచున్నవి. చింతపండు వచ్చు దినములలో కరిపులి యెంత పలికినది, ఫ్లవరు రకమెంత పలికినది అను మాటలే వీధి పొడుగునను వినవచ్చును. పట్టుగూళ్లు తెచ్చు రైతుల యవస్థ వేఱు. గూటిలోని పురుగు చిలుకయై దారమును తొలుచుకొని వెలువడక ముందే సరకు అమ్ముడుపోవలెను. ఒక్కదినము ఆలస్యమైనను నష్టము రైతుదే. కావున అతడు రాత్రికి రాత్రి సంచులు కట్టి, దొరికిన బండి యెక్కి, నిద్రలేని కన్నులతో మార్కెట్టు చేరును. వేలము మొదలగువఱకు అతనికి చేయదగిన పని యొక్కటే, కాఫీ త్రాగుట.

అట్టివారికొఱకు తెల్లవాఱకముందే తలుపులు తెఱచు నొక పాత హోటలులో నేనును కూర్చుంటిని. నాపరాతి బల్లలు, వెన్నువాల్చుటకు వీలులేని బెంచీలు, గల్లాపెట్టెకు కుంకుమబొట్టు, దానిపై పొగలు విడుచుచున్న అగరువత్తి, గోడపై ఏనాటివో క్యాలెండరు దేవుళ్లు. ఏబదియేండ్లు దాటిన సప్లయరు, భుజమున తువాలుతో, గుమ్మములో అడుగుపెట్టిన రైతునొకనిని ఎగాదిగ చూచి, “యేమన్నా, రాత్రంతా కన్ను మూసినట్టు లేదే! స్ట్రాంగుగా చెప్పేదా?” అనుచునే బల్ల తుడిచి, నీళ్లు పెట్టి, లోపలివైపు తిరిగి “ఒక స్ట్రాంగు, సక్కెర జాస్తి!” యని కేకవేసెను. రైతు ఇంకను నోరు తెఱవలేదు. ఆ ప్రక్కబల్లపై ఇద్దఱు దలాలులు ఒక కాఫీని ‘బై టూ’ చేయించుకొని అరగంటసేపు బేరము సాగించుచుండిరి. వారిని లేచిపొమ్మని సూచించుటకు గాను బల్ల తుడుచు దుర్నయము అతనియందు లేదు. మధుగిరి వైపునుండి వచ్చిన వారితో కన్నడమును, మిరపకాయల మండీవారితో దక్కను ఉర్దూను, నాతో తెలుగును మాటలాడుచు, మూడు భాషలలోను ఒకే యొరవడిలో అతడు “ఇంకేం కావాల?” అని అడుగుచుండెను.

ఆ కాఫీ తయారగు విధము చెప్పక విడువరాదు. వంటయింటి గట్టుమీద ఇత్తడి బాయిలరు నాలుగుగంటల వేళనుండియే కుతకుతలాడుచుండును. గుడ్డసంచిలో పొడి నింపి, దానిమీద మరుగునీరు కొద్దికొద్దిగా పోసి, దిగిన చిక్కని డికాక్షనును మూతగల పాత్రలో నుంచుదురు. అదే పొడిమీద రెండవమాఱు నీరు పోయగా దిగునది పలుచన. లైటు అడుగువారికి ఈ రెంటిని పాళము చూచి కలిపి యిత్తురు. పొడిలో చికోరీ కొంత పడవలసినదే. అది లేనిచో నల్లదనము రాదనియు, మా వాళ్లు దానిని కాఫీయని యొప్పుకొనరనియు వంట మాస్టరు నాతో చెప్పెను. పాలు కాగి, డికాక్షను కలిసి, చక్కెర పడినపిమ్మట గ్లాసునుండి డబరాకును డబరానుండి గ్లాసునకును మూరెడెత్తున రెండుమూడు మాఱులు తిరుగబోయగా పైకి వచ్చు నురుగే ఆ కాఫీకి అలంకారము. ఆ నురుగు చెదరక మునుపే అది బల్లమీదికి రావలెను. వచ్చినది.

బెంగుళూరు నూఱు కిలోమీటర్ల దూరములోనే యుండుటచే అచ్చటి అలవాట్లు హిందూపురమునకు ముందుగా చేరును. వానిలో దర్శిని పద్ధతి యొకటి. 1983లో బెంగుళూరు జయనగరములో ఆర్. ప్రభాకర్ నెలకొల్పిన కెఫె దర్శినితో ప్రబలిన ఈ పద్ధతిలో కుర్చీలు లేవు, సప్లయరులు లేరు. డబ్బు కట్టి టోకెను తీసికొని, కిటికీవద్ద కాఫీ అందుకొని, నిలుచుండి త్రాగి, గ్లాసు తొట్టిలో వేసి పోవలయును. ధర తక్కువ, శుభ్రము ఎక్కువ, వంటయిల్లు కన్నులయెదుటనే. పనికి పరుగెత్తువానికి ఇది వరమే. ఐతే అందు మనలను చూచి “కన్ను మూసినట్టు లేదే” యనువాడు లేడు. ఈ లోపమును నేను చిన్నదిగా నెంచను.

అయినను నిలుచుండి త్రాగుటలోని సమత్వమును తేలికగా తీసిపాఱవేయుటకును వీలులేదు. ఈ సీమ మదరాసు రాజధానిలో నున్న కాలమున, ఆ రాజధానిలోని కాఫీ హోటళ్లు కొన్నింట బ్రాహ్మణులకు వేఱు స్థలము, ఇతరులకు వేఱు స్థలము నుండెడివి. దళితునకు గుమ్మము దాటు హక్కే లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో దుకాణములను, భోజనశాలలను, హోటళ్లను పేరెత్తి చెప్పి, మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు అను కారణములచే పౌరుని నెవ్వనిని అచ్చట ఆటంకపఱుపరాదని శాసించినది. బావులు, స్నానఘట్టములు, రోడ్లు అను వానిసరసనే హోటలునకును అందు చోటు దొరకినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది. ఆ తరువాతను పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము సాగినది. సాగుచున్న చోట్లు నేటికిని పూర్తిగా అంతరింపలేదు. ఈ చరిత్ర నెఱిగినవాడు మర్యాద యనగానే పొంగిపోక, ఆ మర్యాద ఎవరివఱకు పోయినదని మొదట అడుగును. హిందూపురపు మార్కెట్టు బెంచీమీద ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారని విచారించువాడు నాకు కనబడలేదు. గ్లాసులన్నియు ఒకే తొట్టిలో మునిగి లేచుచుండెను.

సప్లయరుల ప్రసక్తి వచ్చినది కావున బెంగుళూరులోనే జరిగిన మఱియొక సంగతి చెప్పెదను. కాఫీ బోర్డు తన అధీనములోని కాఫీ హౌసులను మూసివేయ నారంభించినప్పుడు, వీథిపాలు కానున్న పనివారు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కే. గోపాలన్ ప్రోత్సాహమున సహకారసంఘములుగా నేర్పడి, 1957లో బెంగుళూరులో మొదటి సంఘమును స్థాపించి, క్రమముగా పెక్కునగరములలో ఇండియన్ కాఫీ హౌసులను తామే నడుపుకొనసాగిరి. అచ్చట తలపాగాతో కాఫీ తెచ్చువాడే భాగస్వామి. ఒక కాఫీతో పూటంతయు కూర్చున్న విద్యార్థిని, కవిని, నిరుద్యోగిని వారు లేపకుండుటకు ఇదియు నొక కారణమై యుండునని నా యూహ. మన హిందూపురపు సప్లయరునకు అట్టి భాగము లేదు. నేనీ మాటను మెల్లగా కదపగా అతడు నవ్వి, “జీతగాన్నేనన్నా. అయితే యేమి, వచ్చినోళ్లు నన్నే గదా అడిగేది” అనెను. గల్లాపెట్టెవద్ద కూర్చున్న యజమాని ఆ మాట విని తల వంచుకొని చిల్లర లెక్కపెట్టుకొనుచుండెను.

హిందూపురము విడుచుటకు ముందు లేపాక్షికి బోయివచ్చితిని. ఆ ప్రసిద్ధమైన వ్రేలాడు స్తంభమును గూర్చి చెప్పను. ఆవరణలో నేలబండపై పళ్లెమువలె, దానిలో గిన్నెలవలె తొలిచిన గుంటలున్నవి. శిల్పులు భోజనము చేసిన కంచములవి యని కొందఱును, చిత్రకారులు రంగులు కలుపుకొన్నవని కొందఱును చెప్పుదురు. ఏడు పడగల నాగలింగమును గూర్చిన కథ మఱియు సొగసైనది: తల్లి వంట ముగించులోపల ఊరక కూర్చుండలేక శిల్పులు ఒక గుండును ఆ రూపముగా చెక్కిరట. వడ్డన ఆలస్యమైనందుకు బల్లమీద వ్రేళ్లతో దరువు వేయు మన కాలపు గిరాకీలు వినదగిన కథ యిది.

పెనుకొండ స్వభావము వేఱు. 1565లో రాక్షసతంగడి యుద్ధమునందు విజయనగరము కూలినపిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఈ ఘనగిరికి మార్చెను. అంతకుముందును ఇది ఆ ప్రభువులకు వేసవి విడిదియై యుండెనందురు. గగనమహలు, పార్శ్వనాథస్వామి బసది, కొండచుట్టును దొరలిన కోటగోడలు, బాబయ్యస్వామి దర్గా, ఇన్నియు నొక్క చిన్నయూరిలో నిమిడి, ఎవరికొఱకును తొందరపడక నిలిచియున్నవి. ఊరును అట్లే తొందర లేనిది.

బాబయ్య దర్గాకు హిందువులును ముస్లిములును కలిసి వత్తురు. ఆ వీథిమొగమున నొక చిన్న హోటలులో కూర్చుండగా నాకు కాఫీగింజ కథ జ్ఞాపకము వచ్చినది. యెమెన్‌లోని సూఫీలు రాత్రి ధ్యానములలో నిద్ర ఆపుకొనుటకు ఈ పానీయమును త్రాగెడివారు. పదిహేడవ శతాబ్దములో బాబా బూదన్ అను సూఫీ మక్కాయాత్ర ముగించి వచ్చుచు ఏడు గింజలు దాచితెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. ఆ కొండలు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి. మన యిండ్లలో బ్రాహ్మణ కాఫీ యని, మడి కాఫీయని గొప్పగా చెప్పుకొను వస్తువు ఒక ఫకీరు ప్రసాదమన్నమాట. ఈ సంగతి నేను పైకి అనగా, ప్రక్కన కూర్చున్న దర్గా యాత్రికుడొకడు “అందుకే గద సామీ, తాగితే నిద్ర రాదు” అని తేల్చివేసెను.

ఈ పాతయూరికి క్రొత్తవారు వచ్చిరి. 2017లో కొరియా దేశపు కియా సంస్థ రాష్ట్రప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, పెనుకొండ మండలము ఎఱ్ఱమంచివద్ద కార్ల కర్మాగారమును నిర్మించినది. ఏటికి మూడులక్షల కార్లు తయారుచేయగల ఆ కర్మాగారమునుండి 2019లో మొదటి సెల్టాసు కారు బయటికి వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 5న దానికి ప్రారంభోత్సవము జరిగినది. దానితో బెంగుళూరు హైదరాబాదు రహదారి పొడుగున కొరియా లిపిలో బోర్డులు, కొరియా భోజనశాలలు వెలసినవి. వేరుశనగ చేలకును బోడికొండలకును నడుమ ఆ లిపిని చూచినప్పుడు కలుగు ఆశ్చర్యము మొదటిదినముతో తీఱిపోవును; ఊరివారికది ఏనాడో తీఱిపోయినది.

దర్గా వీథి హోటలులోనికి మెడలో కంపెనీ బిళ్లలు వ్రేలాడుచుండగా ఇద్దఱు కొరియావారును, వారితోబాటు తెలుగు డ్రైవరొకడును వచ్చిరి. సప్లయరు ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు. రెండుచేతులు ప్రక్కలకు ఆనించి కొంచెము వంగి “అన్యోంగ్ హాసెయో” యనెను. ఎవరు నేర్పిరో తెలియదు. హోటలు యజమాని మాత్రము కాడు, ఆయన ఆశ్చర్యముతో చూచుచుండెను. వారిలో పెద్దవాడు కాఫీగ్లాసును అంచున పట్టుకొని, వేడికి వ్రేళ్లు మార్చుకొనుచు, “ఐస్?” అని యడిగెను. మంచుగడ్డలు వేసిన అమెరికానోను చలికాలములో సైతము త్రాగుట వారికి అలవాటు. ఆ హోటలులో ఐసు లేదు. కుఱ్ఱవాడు లేదని తల త్రిప్పి యూరకుండక, గ్లాసును డబరాను చేతికి దీసికొని, బల్లప్రక్కన నిలిచి, పొడవుగా తీగ సాగునట్లు పదిపండ్రెండు మాఱులు తిరుగబోసి, వ్రేలితో డబరా అంచు తాకి చూచి, మఱల రెండుమాఱులు పోసి, ఆయనయెదుట నుంచెను. ఆయన ఒక గుక్క త్రాగి, డ్రైవరువైపు తిరిగి ఏదో అనగా డ్రైవరు “ఇంకొకటి అంటాండాడు” అని చెప్పెను.

అదేదినము సాయంకాలము రహదారిప్రక్కన అద్దాల తలుపుల కాఫీ షాపునకు బోయితిని. దాని పేరు చెప్పుట అనవసరము. అట్టివి రహదారిపై పెక్కులున్నవి. చల్లనిగాలి, మెత్తనికుర్చీలు, చెవికింపైన సంగీతము, శుభ్రమైన మరుగుదొడ్లు, అన్నియు మెచ్చదగినవే. ముఖ్యముగా ఆ మరుగుదొడ్లను బాటసారులు, విశేషించి స్త్రీలు, దీవించుదురనుటలో సందేహము లేదు. పాత హోటళ్లవారు ఈ విషయమున సిగ్గుపడవలసియున్నది. లోపలికి అడుగుపెట్టిన తోడనే ఏకరూపదుస్తులలో నున్న పిల్లలు ముగ్గురు ఒక్క గొంతుకతో ఆంగ్లమున స్వాగతము పలికిరి. వారి చూపులు మాత్రము యంత్రములమీదనే యుండెను. నా పేరడిగి కప్పుమీద వ్రాసిరి. ఆ పేరు తప్పు వ్రాసినందుకు నాకు చింతలేదు. కాని కాఫీ చల్లారియుండుటయు, ఆ మాట చెప్పగా “మెషీన్ సెట్టింగే అంత సార్” అను సమాధానము వచ్చుటయు, బిల్లుతోబాటు ఒక ఫోను తెఱను నాయెదుట పట్టుకొని ఐదు నక్షత్రములు నొక్కుమని ప్రార్థించుటయు నన్ను ఆలోచింపజేసినవి. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. పండ్రెండుగంటలు నిలుచుండి, నక్షత్రములు తగ్గినచో మేనేజరుచే మాట పడువారు వారు. అతిథిచేత మెప్పును అడిగి వ్రాయించుకొను నియమమును చేసినవాడు వేఱెక్కడనో యున్నాడు.

పెనుకొండలో కూర్చుండి ఈ సంగతి తలచుకొన్నవానికి కృష్ణదేవరాయలు జ్ఞాపకము రాకమానడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు చేయు మర్యాదను ఆయన ఋతువువారీగా వర్ణించెను: వానకాలమున వేడియన్నము, వేపుడులు, వరుగులు, వడియములు, వేసవిలో తేటచాఱు, చెఱకురసము, లేతకొబ్బరినీరు, మజ్జిగ, చలికాలమున మిరియపుఘాటుగల కూరలు, కాగిననేయి, పాలు. చక్రవర్తియైనవాడు విస్తరిలోని పదార్థములను ఇంత శ్రద్ధగా గమనించెనన్నచో అచ్చెరువగును. వడ్డించు పదార్థము బాటసారి శరీరపు అవసరమునుబట్టి మాఱుచుండుట యిందు గమనింపదగినది. అంతకంటె గొప్ప విషయ మొకటి కలదు. నడురేయి ఆ యింటినుండి వినవచ్చు మాటలు తన వంట గొప్పదనమును గూర్చినవి కావు. ఇది చాలదు, అది లేదు, దయయుంచి భుజింపుడు అని తన లోటులను తానే ఎన్నుకొను గృహస్థుని మాటలవి. మెప్పు నడుగువానికిని లోటు చెప్పుకొనువానికిని గల యంతరమే రహదారికిని దర్గావీథికిని నడుమ నాకు కానవచ్చినది. మఱునాడుదయము ఆ చిన్న హోటలు యజమాని గ్లాసు నాముందు పెట్టుచు, “ఈ పొద్దు పాలు రవ్వంత పల్చన సామీ, ఏమనుకోవద్దు” అనెను. పాలు పలుచనయే. నేనేమియు ననుకొనలేదు.

ధర్మవరము చేరుసరికి ప్రొద్దెక్కినది. పూర్వము క్రియాశక్తి ఒడయరు చెఱువు త్రవ్వించి, తల్లి ధర్మాంబ పేర ఊరు కట్టించెనని చెప్పుకొందురు. నేడు ఆ పేరు వినినంతనే అందఱికిని తోచునది పట్టుచీర. ధర్మవరపు చేనేత పట్టుచీరలకును పావడలకును భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. హిందూపురమున నేను చూచిన పట్టుగూళ్లనుండి తీసిన దారమే ఇచ్చట జరీతో కలిసి అంచుగను కొంగుగను మాఱును.

పెద్దవీథిలోని చీరల అంగళ్లలో కాఫీకి ఒక శాస్త్రమున్నది. తెల్లదుప్పటి పఱచిన మెత్తలమీద కూర్చున్న తోడనే కాఫీ రాదు. ఐదాఱు చీరలు విప్పించి, ఆడువారి మొగములలో మక్కువ పొడచూపి, ధరవద్ద మాట తడబడినప్పుడు, “కాఫీ తెప్పించు రా, అక్కోళ్లకు” అను కేక వినబడును. గ్లాసు చేతికి వచ్చినపిమ్మట లేచిపోవుట మొగమాటము. ఇది మర్యాద కాదనను. వ్యాపారములోని మర్యాద యిట్లే యుండును. ఐతే దీనిని చూచి ధర్మవరము చూచితిమనుకొనరాదు.

చీర నేయువారుండు పేటలు వేఱు. అచ్చట తెల్లవాఱకముందే మగ్గముల చప్పుడు మొదలగును. గుంటమగ్గములో కాళ్లు దింపి కూర్చున్న నేతగాడు పడుగును ఎడపెట్టి మాటిమాటికి పైకి రాలేడు; కావున కాఫీయే అతనియొద్దకు పోవును. పేటమొగమున నున్న హోటలు కుఱ్ఱవాడు తీగలబుట్టలో గ్లాసులమర్చుకొని యింటింటికిని తిరుగుచుండగా, అతని యనుమతితో నేనును వెంట నడచితిని. ఒక యింట అతడు గ్లాసును నేతగానికి అందీయక, మగ్గమునకు దూరముగా కిటికీగట్టుమీద పెట్టి, “అన్నా, కాపీ” యని మాత్రము పలికి నిలిచెను. కారణమడుగగా, పడుగుమీద ఒక్కచుక్క పడినను చీర చెడుననియు, రోజుల తరబడి చేసిన పని వ్యర్థమగుననియు నేతగాడే చెప్పెను. అతడు నాడెను ప్రక్కనుంచి, గుంటనుండి లేచి, చేయి తుడుచుకొని, కిటికీవద్ద నిలుచుండి త్రాగి, మఱల చేయి కడిగికొని, తడియాఱినదాక గాలిలో ఆడించి, అప్పుడు మగ్గమునందు దిగెను. ఆ కిటికీగట్టు చోటును, చేయి కడుగుకొనుటకు చెంబెడు నీళ్లు అచ్చట నున్నవో లేవో చూచుకొనుటను ఆ కుఱ్ఱవానికి ఏ శిక్షణశాలలోను నేర్పలేదు.

డబ్బు మాట రాలేదు. హోటలులో అట్టలూడిన పుస్తకమొకటి కలదు. ఇంటిపేరునకు ఎదురుగా గీతలు; చీర కోసి షావుకారుకు అప్పగించి కూలి తెచ్చుకొన్న దినమున గీతలన్నియు ఒక్కమాఱుగా కొట్టివేయుదురు. మరమగ్గముల పోటీచేతను పట్టుదారము ధర పెరుగుటచేతను చేనేతకు చెడుకాలము దాపురించినప్పుడు ఈ గీతలు పుటలు నిండుట కద్దు. “అట్లాంటప్పుడు కాపీ ఆపేస్తారా?” అని నేను యజమానురాలిని అడిగితిని. భర్త పోయినపిమ్మట హోటలును తానే నడుపుకొనుచున్న ఆమె, ఆ ప్రశ్నయే అర్థము కానట్లు చూచి, “ఆపితే మగ్గం ఎట్లాడుతుంది నాయనా? మగ్గం ఆడకపోతే నా బాకీ ఎట్లొస్తుంది?” అనెను. ఇందు దయ యెంత, లెక్క యెంత యని విడదీయబోవుట వృథా.

ఆమెను చూచినపిమ్మట నాకు మఱియొక సంగతి తట్టినది. ఈ మూడూళ్ల పాతహోటళ్లలో స్త్రీలు బల్లవద్ద కూర్చుండి కాఫీ త్రాగుట అరుదు. కొన్నింట ‘ఫ్యామిలీ’ యని వ్రాసి తెర వ్రేలాడదీసిన గది యుండును. ఆ తెరవెనుకకు పురుషుడు తోడులేక పోవు స్త్రీలు కొద్దిమంది. తక్కినవారు స్టీలు క్యాను తెచ్చుకొని పార్సెలు కట్టించుకొని పోవుదురు. అచ్చులతుకు ఆడువారు, ఆసు పోయు ముసలమ్మలు మగవారితో సమానముగా కష్టపడుచున్నను బెంచీ మాత్రము మగవారిదే. ధర్మవరములోని ఈ యొక్క హోటలులో, యజమానురాలు ఆడుదగుటచేతనో యేమో, ఇద్దఱు ముసలమ్మలు గుమ్మముప్రక్క బెంచీమీద కాళ్లు చాచుకొని కూర్చుండి, బై టూ కాఫీ ఊదుకొని త్రాగుచు, వచ్చిపోవువారిని విమర్శించుచుండిరి. వారు నన్నును విడువలేదు. “యా ఊరప్పా? సన్నంగుండావే, తిండి పెట్టరా మీ యింట్లో?” అని ఒకామె యడిగెను, సమాధానమునకై నిరీక్షింపక రెండవయామె “ఒక ఒగ్గాని ఇయ్యమ్మా ఈయప్పకు” అని ఆజ్ఞాపించెను. బొరుగుల ఒగ్గాని వచ్చినది, దానితో మిరపకాయబజ్జియు వచ్చినది. వారిరువురు ఆ హోటలునకు గిరాకీలే కాని మఱేమియు కారు.

నా తీర్పు నడుగువారుందురు. హిందూపురములో కాఫీ రుచి మేలు. పెనుకొండలో ఓర్పు మేలు. రెండును కలసిన మర్యాదను ధర్మవరపు నేతపేటలోనే చూచితిని. పెద్దనగరముల కాఫీ షాపులవారు తమ పిల్లలకు నవ్వుట నేర్పు ఖర్చులో సగము, వారు కూర్చుండుటకు ఒక బల్ల వేయుటకును, గిరాకీ మొగమును చూచి మాటలాడు స్వాతంత్ర్యమిచ్చుటకును వెచ్చింతురేని వారికే లాభము. పాతహోటళ్లవారు ఆ ‘ఫ్యామిలీ’ తెరలను తీసివేసి, మరుగుదొడ్లను శుభ్రముగా నుంచుకొందురేని వారికిని లాభమే.

ధర్మవరము జంక్షనులో గుంతకల్లు, బెంగుళూరు, పాకాల మార్గములు కలియును. బండి మారువారు గంటల తరబడి ప్లాట్‌ఫారముమీదనే గడపుట కలదు. అట్టి వ్యవధి తెల్లవాఱుజామున దొరకినచో, స్టేషనులో యంత్రము విడుచు కాఫీతో తృప్తిపడక, చిల్లర జేబులో వేసికొని, మగ్గములున్న పేటకు దారి యడిగి నడువుడు. ఎనిమిదింటిలోపుగా పోవలెను, ఆపిమ్మట మొదటి డికాక్షను మిగులదు.